ఒకే బ్యాలెట్, ఆరు రకాల ఫలితాలు: అరిజోనా 2022లో ఇండిపెండెంట్ ఓటర్లతో మా పని (కేస్ స్టడీ)

2022లో అరిజోనాలో చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఒక లోకల్ క్యాంపెయిన్‌కి ఓటర్ లిస్టులు తీసే పని చేశా. అంటే ఎవరి తలుపు కొట్టాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరిని వదిలెయ్యాలి అనేది డేటాలోంచి తీసి వాలంటీర్ల ఫోన్లలోకి పంపించడం, శని ఆదివారాలు నేను కూడా వెళ్ళి తలుపులు కొట్టడం. డెమొక్రాట్ల వైపు క్యాంపెయిన్, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇక్కడ రాసేదంతా ఆ వైపు నిలబడి చూసిందే. నా సొంత రిజిస్ట్రేషన్ మాత్రం ఏ పార్టీ కిందా లేదు. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు ఫామ్ చేతిలో పెట్టారు, పార్టీ అన్న గడి ఖాళీగా వదిలేశా, ఇప్పటికీ అలాగే ఉంది.

అసలు కేసులోకి వెళ్ళే ముందు ఈ ఇండిపెండెంట్ అనే మాట గురించి చెప్పాలి. మన దగ్గర ఇండిపెండెంట్ అంటే అభ్యర్థి, టికెట్ రాక రెబెల్‌గా నామినేషన్ వేసి ఎలక్షన్ కమిషన్ ఇచ్చిన గుర్తు పట్టుకుని తిరిగే మనిషి గుర్తొస్తాడు. అమెరికాలో అది ఎక్కువగా ఓటరుకి వాడే మాట. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఓటు నమోదు చేసుకునేటప్పుడే నీది ఏ పార్టీ అని అడుగుతారు, అది రికార్డులో ఉంటుంది, పార్టీలు ఆ జాబితా తీసుకుని వాడుకోవచ్చు. మా గుంటూరులో ఓటర్ల జాబితాలో ప్రతి పేరు పక్కనా ఏ పార్టీయో ప్రింట్ చేసి ఉంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. అక్కడ మనం తటస్థులు అనేవాళ్ళని కార్యకర్తలు ముఖం చూసి గుర్తుపడతారు, ఇక్కడ కంప్యూటర్‌లో కాలమ్ చూసి గుర్తుపడతాం, అంతే తేడా.

అరిజోనాలో ఈ కాలమ్ లెక్క చాలా విచిత్రంగా ఉంటుంది. 2022లో రిపబ్లికన్లు మూడో వంతుకి కాస్త ఎక్కువ, డెమొక్రాట్లు మూడో వంతుకి కాస్త తక్కువ, మిగిలిన మూడో వంతు మనుషులు ఏ పెద్ద పార్టీలోనూ లేనివాళ్ళు. మారికోపా కౌంటీ రికార్డుల్లో వీళ్ళ పేరు పక్కన పిఎన్‌డి అని ఉంటుంది, పార్టీ చెప్పలేదు అని దానర్థం. అంటే రాష్ట్రంలో గెలవాలంటే ఎవరికైనా వీళ్ళు కావాల్సిందే. 2020లో బైడెన్ ఇక్కడ గెలిచింది కేవలం 10,457 ఓట్లతో, 1996లో క్లింటన్ తర్వాత ఈ రాష్ట్రం మళ్ళీ డెమొక్రాట్‌కి వెయ్యడం అదే మొదలు.

ఇక 2022 నవంబర్ 8. నేను ఎవరికి ఈ సబ్జెక్ట్ చెప్పాల్సి వచ్చినా ముందు ఈ రోజు లెక్కలే చూపిస్తా. పాతిక లక్షల మందికి పైగా ఓటేశారు. సెనేట్‌కి డెమొక్రాట్ మార్క్ కెల్లీ 1,25,719 ఓట్ల తేడాతో గెలిచాడు. సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే రాష్ట్రంలో ఎన్నికలు చూసే పదవి, డెమొక్రాట్ ఏడ్రియన్ ఫోంటెస్‌కి లక్షా 20 వేల తేడాతో వచ్చింది. గవర్నర్ కేటీ హాబ్స్, డెమొక్రాటే, కానీ తేడా 17,117కి పడిపోయింది. అటార్నీ జనరల్ క్రిస్ మేయస్, మళ్ళీ డెమొక్రాటే, మొదటి లెక్కలో 511 ఓట్లు, రీకౌంట్ అయ్యాక 280. రెండు వందల ఎనభై! స్కూళ్ళ సూపరింటెండెంట్ పదవి దగ్గరకొచ్చేసరికి రిపబ్లికన్ టామ్ హోర్న్ 8,967 ఓట్లతో గెలిచాడు. ట్రెజరర్‌గా రిపబ్లికన్ కింబర్లీ యీ ఏకంగా 11 శాతానికి పైగా తేడాతో గెలిచింది.

ఇదంతా ఒకే రోజు ఒకే కాగితం మీద ఒకే పెన్నుతో జరిగింది. అరిజోనా బ్యాలెట్‌లో పార్టీ మొత్తానికి ఒకే టిక్ పెట్టేసే సౌకర్యం లేదు, ప్రతి పదవికీ విడిగా గడి నింపాలి. కెల్లీకి వచ్చిన ఓట్లకీ అదే పార్టీ ట్రెజరర్ అభ్యర్థికి వచ్చిన ఓట్లకీ మధ్య రెండు లక్షలకు పైగా తేడా ఉంది. కింబర్లీ యీకి వేసినవాళ్ళ కంటే అదే పార్టీ గవర్నర్ అభ్యర్థి కారీ లేక్‌కి వేసినవాళ్ళు లక్షకు పైగా తక్కువ. అంటే పై నుంచి కిందకి గడులు నింపుతూ మధ్యలో చెయ్యి ఆపి, పార్టీ మార్చి, మళ్ళీ మార్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

మేం వీళ్ళని ఎలా చూశామో, ఎక్కడ తప్పు చేశామో అదీ ఇప్పుడు చెప్పాల్సింది.

క్యాంపెయిన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఓటరుకీ సున్నా నుంచి వంద దాకా ఒక స్కోర్ ఉంటుంది. వందకి దగ్గరగా ఉంటే మనవాళ్ళు, సున్నాకి దగ్గరగా ఉంటే అవతలివాళ్ళు. ఆ స్కోర్ వయసు, ఉండే ఏరియా, పార్టీ రిజిస్ట్రేషన్, ఇంతకు ముందు ఏ ఏ ఎన్నికల్లో ఓటేశారు, ఇంట్లో మిగతావాళ్ళు ఏ పార్టీ, ఇలాంటివన్నీ కలిపి మోడల్ వేసే అంచనా. ఎవరికి ఓటేశారో ఎవరికీ తెలీదు, ఓటేశారా లేదా అన్నదే రికార్డు. ఇండిపెండెంట్లలో చాలామంది స్కోర్ 45కీ 55కీ మధ్య ఉంటుంది. మా క్యాంపెయిన్‌లో ఆ గుంపుకి "మధ్యలో ఉన్నవాళ్ళు" అని పేరు పెట్టారు, వాళ్ళ కోసం ఒకే కరపత్రం తయారైంది, రెండు పార్టీలతో కలిసి పనిచేస్తాం, గొడవలొద్దు, అందరం కలిసి ముందుకెళ్దాం అనే టైపులో. వాలంటీర్లకి ఇచ్చిన స్క్రిప్ట్ కూడా అదే. ఆ లిస్టు తీసింది నేనే, ఆ పేరు చూసి నాకూ అప్పుడు ఏ అనుమానం రాలేదు.

మొదటి అనుమానం సన్ లేక్స్‌లో వచ్చింది. చాండ్లర్‌కి దక్షిణాన రిటైరైనవాళ్ళు ఉండే కాలనీ అది. నేవీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తలుపు తీశాడు, లిస్టులో స్కోర్ 51. నేను స్క్రిప్ట్ మొదలుపెట్టి రెండు వాక్యాలు చెప్పేలోగా ఆగమని చెయ్యి చూపించి లోపలికి వెళ్ళి శాంపిల్ బ్యాలెట్ తెచ్చాడు. దాని మీద పెన్సిల్‌తో గుర్తులు. కెల్లీ పక్కన టిక్, యీ పక్కన టిక్, ఫోంటెస్ పక్కన టిక్ పెట్టి రెండుసార్లు గీత గీశాడు. ఫోంటెస్ మీద నిలబడి 2020 ఫలితాన్నే ఒప్పుకోనన్న మనిషికి ఎన్నికలు నడిపే పదవి ఎలా ఇస్తామని ఆయన ప్రశ్న. బోర్డర్ విషయంలో మాత్రం డెమొక్రాట్ల మీద విపరీతమైన కోపం, పన్నుల విషయంలోనూ అంతే. దశాబ్దాల పాటు రిపబ్లికన్‌గా నమోదై ఉండి 2020 తర్వాత పార్టీ తీసేయించుకున్నాడట. అరిజోనా నుంచి చాలా ఏళ్ళు రిపబ్లికన్ సెనేటర్‌గా ఉన్న మెకెయిన్ రోజుల గురించి చాలాసేపు చెప్పాడు. ఈయన మధ్యలో ఉన్న మనిషా? ఒక్క విషయంలో కూడా మధ్యలో లేడు! ప్రతిదాని మీదా గట్టి అభిప్రాయం ఉంది, కాకపోతే ఆ అభిప్రాయాలన్నీ ఒకే పార్టీ సంచిలో పట్టట్లేదు. మోడల్ వాటన్నిటినీ కలిపి సగటు తీసి 51 అంది.

రెండోది మన తెలుగు ఇల్లు, చాండ్లర్‌లోనే ఓకోటిల్లో వైపు. గుమ్మం ముందు ముగ్గు, పక్కన పిల్లల సైకిళ్ళు. అంకుల్ చిప్ డిజైన్‌లో పనిచేస్తారు, సిటిజన్‌షిప్ వచ్చి ఎక్కువ ఏళ్ళు కాలేదు, అంతకు ముందు ఒక్కసారే ఓటేశారు. స్కోర్ సరిగ్గా 50.

"అంకుల్, మీరు ఏ పార్టీ అని అడగట్లేదు, ఈసారి మీకు ఏది ముఖ్యమో చెప్పండి చాలు" అన్నా.

"కూర్చోమ్మా ముందు, మంచినీళ్ళు తాగు, బయట ఎండ చంపేస్తోంది" అన్నారు. తర్వాత నిదానంగా మొదలుపెట్టారు. "స్కూళ్ళు బాగుండాలమ్మా, మేం ఇక్కడ ఇల్లు కొన్నదే అందుకు. పన్నులు పెరక్కూడదు. ఎలక్షన్ అయ్యాక ఓడినోడు ఓడానని ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే ఇంక మనం ఇంత దూరం వచ్చి ఈ కాగితాలు తీసుకుని ఏం లాభం. ఈ మూడూ కలిపి ఒక్క పార్టీ చెప్తే కళ్ళు మూసుకుని మొత్తం దానికే వేసేద్దును. ఎవరూ చెప్పట్లేదు. అందుకే ఒక్కో పోస్టుకి ఒక్కో మనిషిని చూసుకుంటున్నా."

మా ఐదు పేజీల ట్రైనింగ్ మెటీరియల్‌లో లేని విషయం ఆ నాలుగు మాటల్లో ఉంది. ఆయన స్కోర్ 50 రావడానికి కారణం ఆయన బలాబలాలు తూచి మధ్యలో నిలబడ్డం కాదు. ఆయన గురించి మోడల్‌కి ఏమీ తెలీదు, హిస్టరీ లేదు, మన పేర్లు పాత డేటాలో ఎక్కువగా లేవు, అందుకని తెలీనప్పుడు వేసే నంబర్ వేసింది. సన్ లేక్స్ పెద్దాయన 51 ఒక రకం, అంకుల్ 50 ఇంకో రకం, రెండూ స్క్రీన్ మీద పక్కపక్కనే ఒకేలా కనిపిస్తాయి. మేం ఇద్దరి చేతిలోనూ అదే కరపత్రం పెట్టాం.

ఆ రాత్రి నేను ఆ గుంపుని విడదీయడం మొదలుపెట్టా. ఓటింగ్ హిస్టరీ బాగా ఉండి కూడా స్కోర్ మధ్యలో ఉన్నవాళ్ళు ఒక లిస్టు, హిస్టరీ లేక మధ్యలో పడ్డవాళ్ళు ఒక లిస్టు, పార్టీ మార్చుకుని లేదా వదిలేసి బయటికొచ్చినవాళ్ళు ఒక లిస్టు. మూడో లిస్టు తియ్యడం కష్టం, పాత ఓటర్ ఫైల్, కొత్త ఫైల్ పక్కపక్కన పెట్టి పోల్చాలి, కానీ అన్నిటికంటే పనికొచ్చింది అదే. మొదటివాళ్ళకి పదవి వారీగా మాట్లాడాలి. రెండోవాళ్ళకి అసలు బ్యాలెట్ ఎలా వస్తుంది, ఎప్పటిలోగా పోస్ట్ చెయ్యాలి, కవర్ మీద సంతకం ఎక్కడ పెట్టాలి అనేది చెప్పాలి, వాళ్ళకి ప్రచారం కంటే ఇన్ఫర్మేషన్ ముఖ్యం. మూడోవాళ్ళ దగ్గర అసలు మనం మాట్లాడకూడదు, వినాలి. పైవాళ్ళు మొదట ఒప్పుకోలేదు, అంత టైమ్ లేదన్నారు, నిజానికి లేదు కూడా, ఎన్నికకి ముందే ఓటర్ల ఇంటికి పంపే ఎర్లీ బ్యాలెట్లు అక్టోబర్ 12న పోస్ట్‌లో వెళ్ళిపోతాయి. మా టర్ఫ్, అంటే మాకిచ్చిన ఏరియా వరకు చేసుకోనిచ్చారు.

ఈలోగా సెప్టెంబర్ 23 వచ్చింది. 1864 నాటి అబార్షన్ నిషేధ చట్టం, అరిజోనా ఇంకా రాష్ట్రం కూడా కాని రోజుల్లో రాసింది, దాన్ని మళ్ళీ అమలు చేసుకోవచ్చని పీమా కౌంటీ జడ్జి తీర్పిచ్చింది. రెండు వారాల్లో అప్పీల్ కోర్టు ఆపింది గానీ ఆ రెండు వారాల్లో తలుపుల దగ్గర మాటలు పూర్తిగా మారిపోయాయి. గిల్బర్ట్‌లో ఒక నర్సు, చిన్నపిల్ల తల్లి, ఆగస్టులో మా వాలంటీర్‌కి ఇంట్రెస్ట్ లేదని తలుపేసేసింది, అదే ఆవిడ అక్టోబర్ మొదట్లో నన్ను గుమ్మం దగ్గర ఆపి, ఈ చట్టం కింద కేసులు పెట్టాలా వద్దా అనేది ఎవరి చేతిలో ఉంటుంది అని అడిగింది. ఎక్కువగా కౌంటీ అటార్నీల చేతిలో, రాష్ట్రం మొత్తానికి ఆ చట్టం మీద ప్రభుత్వ వైఖరి తేల్చేది అటార్నీ జనరల్ అని చెప్పా. ఆ పేరు ఆవిడ అప్పటిదాకా బ్యాలెట్‌లో చూడనే లేదు. గవర్నర్ గురించి నన్ను ఒక్క ముక్క అడగలేదు. చివరికి 280 ఓట్లతో తేలింది ఆ పదవే, ఇప్పటికీ ఆ గుమ్మం గుర్తొస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి, గెలిచిన మేయస్ కూడా ఒకప్పుడు రిపబ్లికనే, 2019లో పార్టీ వదిలి వచ్చింది. పార్టీ మారి బయటికొచ్చిన ఓటర్లకి ఆ పేరు దగ్గర ఆగడం సులువైందని నా నమ్మకం, లెక్కల్లో నిరూపించలేను గానీ తలుపుల దగ్గర చాలాసార్లు విన్నా.

కౌంటింగ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇండిపెండెంట్ల ఓట్లు చాలా చివర్లో లెక్కకొస్తాయి. పార్టీ మనుషులు ముందే నిర్ణయించుకుని ఉంటారు. వీళ్ళు శాంపిల్ బ్యాలెట్ టేబుల్ మీద పెట్టుకుని రోజుల తరబడి ఆలోచించి, పోస్ట్‌లో వచ్చిన కవర్‌ని ఆఖరి రోజు స్వయంగా తెచ్చి డబ్బాలో వేసేవాళ్ళు ఎక్కువ. 2022లో మారికోపా ఒక్క కౌంటీలోనే ఇలా ఎన్నిక రోజు వచ్చిపడ్డ ఎర్లీ కవర్లు 2,90,000. ప్రతి కవర్ మీద సంతకం పోల్చాలి, అందుకే ఫలితానికి రోజులు పట్టింది. దాని మీద బోలెడు పుకార్లు లేచాయి. సంతకం కలవకపోతే ఓటరుకి ఫోన్ చేసి సరిచేసుకోమంటారు, దాన్ని క్యూరింగ్ అంటారు, ఆ ఏడు నవంబర్ 16 సాయంత్రం దాకా టైమ్ ఉంది. ఆ వారమంతా నేను ఫోన్ మీదే ఉన్నా.

మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. పాస్‌పోర్ట్‌లో పెట్టిన సంతకం ఒకటి, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో స్క్రీన్ మీద గీసింది ఇంకోటి, హడావుడిలో కవర్ మీద పెట్టేది మూడోది. కౌంటీ దగ్గర ఉండే శాంపిల్ చాలాసార్లు ఆ స్క్రీన్ మీద గీసిందే. ఒక ఆంటీ అయితే కవర్ మీద చక్కగా తెలుగులో సంతకం పెట్టారు, రికార్డులో ఇంగ్లీషు సంతకం ఉంది. ఆవిడకి ఫోన్ చేస్తే స్కామ్ కాల్ అనుకుని మూడుసార్లు కట్ చేశారు, చివరికి గుడిలో తెలిసినవాళ్ళ చేత చెప్పించాల్సి వచ్చింది. ఆవిడ ఎవరికి ఓటేశారో నాకు తెలీదు, అడగలేదు. 280 తేడా వచ్చిన చోట ఆ కవర్ లెక్కలోకి రావడమే నాకు ముఖ్యం. డిసెంబర్ 29న కోర్టులో రీకౌంట్ ఫలితం చదివారు, పినాల్ కౌంటీలో మొదటి లెక్కలో పడని ఓట్లు వందల్లో బయటపడి 511 కాస్తా 280కి తగ్గింది.

ఎగ్జిట్ పోల్‌లో కెల్లీకి ఇండిపెండెంట్లలో 55 శాతం, ఆయన మీద పోటీ చేసిన బ్లేక్ మాస్టర్స్‌కి 39 శాతం అని వచ్చింది. దీన్ని చూసి ఇండిపెండెంట్లే గెలిపించారు అని టీవీల్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. గడులు మార్చి వేసినవాళ్ళంతా రికార్డులో ఇండిపెండెంట్లు కాదు, మెసా గిల్బర్ట్ వైపు రిపబ్లికన్‌గానే నమోదై ఉండి ఈ పని చేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి, మెకెయిన్ మనుషులు మాకక్కర్లేదు అన్నట్టు వాళ్ళ పార్టీవాళ్ళే స్టేజి మీద మాట్లాడిన సీజన్ అది. ఇటు ఇండిపెండెంట్ అని రాసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక పార్టీ వైపు మొగ్గి, ప్రతిసారీ దానికే వేసేవాళ్ళు కూడా. సర్వేలు చేసే ప్యూ సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 38 శాతం మంది ఇండిపెండెంట్లమని చెప్పుకుంటారు, ఎటూ మొగ్గనివాళ్ళు మాత్రం 7 శాతమే, వాళ్ళేమో ఓటింగ్‌కి అందరికంటే తక్కువ వస్తారు. మరి అరిజోనాలో ఆ రెండు లక్షల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? మొగ్గు ఉన్నవాళ్ళలోంచే వచ్చింది. మొగ్గు ఉంటుంది, కానీ ఎదురుగా నిలబెట్టిన మనిషి నచ్చకపోతే ఆ ఒక్క గడి దగ్గర మొగ్గు పనిచెయ్యదు. రెండు పార్టీల వ్యవస్థలో వీళ్ళు చేసే అసలు పని అదేనని నాకు అనిపిస్తుంది. మూడో పార్టీని తీసుకురారు. పార్టీ టికెట్ ఇచ్చిందన్న ఒక్క కారణంతో ఎవరినైనా గెలిపించుకోవచ్చు అనే ధీమాని మాత్రం గడి గడికీ విరగ్గొడతారు.

ప్రాపొజిషన్లు, అంటే ఓటర్లే నేరుగా అవును కాదు అని తేల్చే ప్రతిపాదనలు, చూసినా అదే కనిపిస్తుంది. అదే బ్యాలెట్‌లో ప్రాపొజిషన్ 308, చిన్నప్పుడే కాగితాల్లేకుండా ఈ దేశానికి వచ్చిన పిల్లలకి కాలేజీలో రాష్ట్రంలో ఉండేవాళ్ళకి తీసుకునే తక్కువ ఫీజే తీసుకునేది, కొద్ది తేడాతో పాసైంది. ఓటుకి ఐడీ రూల్స్ ఇంకా బిగించే 309 కొద్ది తేడాతో ఓడింది. రెండింటి మీదా ఇంటింటికీ అభిప్రాయం మారిపోయేది, పార్టీ పేరు లేదు కాబట్టి నిజంగా చదివి వేశారు.

ఇక నాకు ఇప్పటికీ బాధగా ఉండే భాగం. నవంబర్‌లో ఇంత జాగ్రత్తగా గడులు నింపిన మనుషుల్లో చాలామంది ఆ పేర్లు ఎంపికైన రోజున అసలు లేరు. ఆగస్టు 2న ప్రైమరీ, అంటే పార్టీల అభ్యర్థుల్ని ఓటర్లు ఎంచుకునే ఎన్నిక. అరిజోనాలో ఇండిపెండెంట్లు కూడా ప్రైమరీలో ఓటెయ్యొచ్చు, 1998లో ఓటర్లే రాజ్యాంగ సవరణతో తెచ్చుకున్న హక్కు అది, డెమొక్రాట్ బ్యాలెట్ కావాలా రిపబ్లికన్ బ్యాలెట్ కావాలా అని అడిగి ఏదో ఒకటి తీసుకోవాలి. అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో మాత్రం కుదరదు, అది పార్టీ మనుషులకే. పోస్ట్‌లో ఓటేసే లిస్టులో ఉన్న పార్టీ మనుషులకి ప్రైమరీ బ్యాలెట్ దానంతటదే ఇంటికొస్తుంది. ఇండిపెండెంట్‌కి రాదు, ముందు ఒక కార్డు వస్తుంది, ఏ బ్యాలెట్ కావాలో టిక్ పెట్టి పంపితేనే వస్తుంది. ఆ కార్డు పిజ్జా కూపన్ల మధ్యలో వచ్చి చెత్తబుట్టలోకి పోతుంది. చాండ్లర్‌లో మేయర్, కౌన్సిల్ ఎన్నిక కూడా ఆ ప్రైమరీ రోజే, అదీ పోయినట్టే.

ఆ ప్రైమరీలో కారీ లేక్ రిపబ్లికన్ గవర్నర్ టికెట్ గెలిచింది ఐదు శాతంలోపు తేడాతో. రాష్ట్ర హౌస్ స్పీకర్ రస్టీ బోవర్స్, మెసా మనిషి, 2020 ఫలితాన్ని తారుమారు చెయ్యమంటే చెయ్యనని జూన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన మనిషి, ఆ ఆగస్టులోనే స్టేట్ సెనేట్ ప్రైమరీలో చిత్తుగా ఓడిపోయాడు. సన్ లేక్స్ పెద్దాయన లాంటివాళ్ళు పార్టీ వదిలేసి బయటికొస్తే లోపల మిగిలేది ఎవరు? గట్టివాళ్ళే. పార్టీ వదలడం వల్ల నవంబర్‌లో ఆయన విలువ పెరిగింది, ఆగస్టులో ఆయన గొంతు పోయింది. కార్డు గురించి అడిగితే, అలాంటిది వచ్చిందా అన్నాడు. మేం కూడా మే, జూన్ నెలల్లో మా టైమంతా మా పార్టీవాళ్ళ మీదే పెట్టాం, ఇండిపెండెంట్లకి కార్డు గురించి ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. అది లిస్టు తీసిన నా తప్పే.

పోనీ ఇండిపెండెంట్‌గా ఎవరైనా నిలబడొచ్చు కదా అంటారు. అరిజోనా సెనేటర్ కిర్‌స్టెన్ సినెమా 2022 డిసెంబర్‌లో డెమొక్రాటిక్ పార్టీ వదిలి ఇండిపెండెంట్ అయింది. 2024లో మళ్ళీ నిలబడాలంటే నలభై వేలకి పైగా సంతకాలు తెచ్చుకోవాలి, అదే పెద్ద పార్టీ అభ్యర్థికి ఏడు వేల చుట్టుపక్కల చాలు. 2024 మార్చిలో పోటీ చెయ్యనని ప్రకటించింది. సంతకాల రూలు ఒక్కటే కారణం కాదు గానీ రూలు అలా ఉంది.

మనవాళ్ళకి ఇదంతా కొత్తగా అనిపించొచ్చు, కానీ క్రాస్ ఓటింగ్ మనకి తెలిసిందే. 2019లో మా గుంటూరు పార్లమెంట్ కింద ఏడు అసెంబ్లీ సీట్లుంటే ఆరు వైసీపీ గెలిచింది, ఎంపీగా మాత్రం టీడీపీ గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో బయటపడ్డాడు. విజయవాడలోనూ అంతే, ఏడులో ఆరు వైసీపీవి, ఎంపీ కేశినేని నాని. రాష్ట్రంలో 175కి 151 వచ్చిన గాలిలో కూడా ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఒకరికి నొక్కినవాళ్ళు అంతమంది ఉన్నారు. మా బాబాయ్ వాళ్ళలో ఒకరు. "ఎమ్మెల్యే మన పని చెయ్యాలి, ఎంపీ ఢిల్లీలో మాట్లాడాలి, రెండూ ఒకటెట్లా అవుతాయి రా" అన్నాడు ఫోన్‌లో. తేడా ఏంటంటే అక్కడ టికెట్ ఎవరికి ఇవ్వాలో పార్టీ అధినేత తేలుస్తాడు, ఓటరు ఆ సమయానికి ఎక్కడా లేడు. ఇక్కడ ఓటరుకి తలుపు తీసే ఉంది, కార్డు పంపితే చాలు.

2024లో ఏం జరిగిందో చూసుకుంటే, ట్రంప్ అరిజోనాలో ఐదున్నర శాతం తేడాతో గెలిచాడు. అదే బ్యాలెట్ మీద సెనేట్‌కి డెమొక్రాట్ రూబెన్ గయేగో కారీ లేక్ మీద రెండున్నర శాతం దగ్గర తేడాతో గెలిచాడు. అబార్షన్ హక్కుని రాజ్యాంగంలో పెట్టే ప్రాపొజిషన్ 139కి 61 శాతానికి పైగా వచ్చాయి. అందరికీ ఒకే ప్రైమరీ పెట్టాలన్న ప్రాపొజిషన్ 140 మాత్రం ఓడిపోయింది, నేను దానికి అవుననే వేశా, చాలా నిరాశగా అనిపించింది.

అప్పుడు నేను ఏ క్యాంపెయిన్‌లోనూ పనిచెయ్యలేదు. మే నెలలో మాత్రం పాత లిస్టులో నాకు స్వయంగా తెలిసిన ఇళ్ళకి, మొదట తెలుగువాళ్ళకి, వాట్సాప్‌లో ఒక ఫోటో పంపా, ఆ కార్డు ఎలా ఉంటుందో చూపిస్తూ, దీన్ని పారెయ్యకండి అని. ఓకోటిల్లో అంకుల్ ఒక ఆదివారం ఫోన్ చేశారు.

"కార్డు దొరికిందమ్మా, మీ ఆంటీ కూపన్లతో కలిపి డ్రాయర్లో పెట్టింది. గడులున్నాయి, ఏది టిక్ పెట్టమంటావు?"

"అది నేను చెప్పకూడదు అంకుల్. ఏ పార్టీలో మనిషిని ఎంచుకోవడం మీకు ముఖ్యమనిపిస్తే అది."

"మనకి నచ్చినోళ్ళు ఉన్నచోట వెయ్యాలా, నచ్చనోళ్ళు వస్తారేమో అన్నచోట వెయ్యాలా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఆ మాటే చెప్పా. కాసేపు ఆగి, ఆంటీని పిలిచి పెన్ను అడిగారు. ఏది టిక్ పెట్టారో చెప్పలేదు. స్టాంప్ అంటించాలా అక్కర్లేదా అని అడిగితే కార్డు మూల మీద ఏం రాసుందో చదవమన్నా, చదివి పెట్టేశారు.